రెండొందల యూనిట్లలో ఎండాకాలం

కరెంటు పొదుపు అనగానే మనవాళ్ళకి రెండే గుర్తొస్తాయి. ఒకటి, చిన్నప్పుడు "గదిలో ఎవరూ లేకుండా ఫ్యాను ఎవడు వేశాడ్రా" అని నాన్నలు వేసే కేక. రెండోది, ఎర్త్ అవర్ రోజున గంటసేపు లైట్లార్పి దిగే ఫోటోలు. మొదటిది పిసినారితనం ఖాతాలోకి పోతుంది, రెండోది షోకుల ఖాతాలోకి. అసలు విషయాన్ని పట్టించుకున్నవాళ్ళు తక్కువ.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇంట్లో కరెంటు పొదుపంటే చెమటలు కక్కుతూ కూర్చోవడం కాదు. అదే కరెంటుతో ఇంకాస్త సుఖంగా ఉండటం. మనం కోడు ఆప్టిమైజు చేస్తున్నామంటే ఫీచర్లు పీకేస్తున్నామని కాదు కదా! అదే పని తక్కువ సీపీయూతో జరిగేట్టు చూస్తాం. మిగిలిన సీపీయూ ఇంకో పనికి పనికొస్తుంది. ఇల్లయినా అంతే. కాకపోతే రోజంతా సర్వర్ల లోడు గురించి బుర్ర బద్దలు కొట్టుకునే మనం, ఇంటికొచ్చాక నాలుగువేల బిల్లు చూసి "ఈ ఎండాకాలం ఇంతే" అని ఫోన్లో కట్టేసి పడుకుంటాం.

సరే, మన వృత్తిధర్మం ప్రకారం ముందు ప్రొఫైలింగుతో మొదలెడదాం. ఎక్కడ ఖర్చవుతోందో తెలీకుండా ఆప్టిమైజు చేయకూడదు. దీనికేమీ కొనక్కర్లేదు. మీ కరెంటు మీటరు మీద చిన్న ఎర్ర లైటొకటి మినుకుమినుకుమంటూ ఉంటుంది. దాని పక్కన 3200 అనో, 1600 అనో ఒక అంకె ఉంటుంది. యూనిట్టుకి అన్ని మినుకులని దానర్థం. ఫోన్లో స్టాప్‌వాచీ పెట్టి, పది మినుకులకి ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. 3200 మీటరైతే 11,250ని ఆ సెకన్లతో భాగించండి. ఆ క్షణంలో మీ ఇల్లు ఎన్ని వాట్లు లాగుతోందో వచ్చేస్తుంది. అంకె వేరైతే 3,60,00,000ని ఆ అంకెతో భాగించి, వచ్చినదాన్ని 11,250 బదులు వాడుకోండి.

హైదరాబాదులో నేనుండే అద్దె ఫ్లాట్లో ఒక రాత్రి అన్నీ ఆపేసి, ఫ్రిజ్ ప్లగ్గు కూడా పీకేసి, మెట్ల దగ్గర మీటరు ముందు నిలబడ్డాను. ఎదురింటి ఆంటీ "కరెంటు పోయిందా బాబూ" అని అడిగింది కూడా. పది మినుకులకి 132 సెకన్లు పట్టింది. అంటే 85 వాట్లు. అన్నీ ఆపేశాననుకున్న ఇల్లది! వైఫై రౌటరు, సెట్‌టాప్ బాక్సు, రెండు మానిటర్లు, నిండిన బ్యాటరీని ఇంకా నింపుతూనే ఉన్న ఇన్వర్టరు, ప్లగ్గుల్లో వేలాడే అడాప్టర్లు, అన్నీ కలిసి. 85 వాట్లంటే చూడ్డానికి చిన్నదే. కానీ 24 గంటలు, 30 రోజులు లెక్కేస్తే నెలకి 61 యూనిట్లు. రిమోటుతో ఆపడం ఆపడం కాదు, గోడ మీద స్విచ్చు ఆపితేనే ఆపినట్టు.

ఇదంతా నాకు సరదా. నా జీతానికి 61 యూనిట్లు పెద్ద లెక్క కాదు. కానీ ఈ లెక్కలన్నీ నేను సీరియస్‌గా వేసింది నా ఫ్లాటు కోసం కాదు, కొత్తగూడెంలో మా ఇంటి కోసం.

మా నాన్న రిటైరైన లెక్కల మాస్టారు. ఊళ్ళో మాది 900 చదరపు అడుగుల స్లాబు ఇల్లు, పైన ఇంకో అంతస్తు లేదు. కొత్తగూడెం ఎండల గురించి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, తెలియనివాళ్ళకి చెప్పినా నమ్మరు. మే నెలలో 45 దాటడం అక్కడ వార్త కాదు. 2023లో అన్నయ్య ఒక టన్ను ఏసీ కొనిచ్చాడు. ఫైవ్ స్టార్, ఇన్వర్టరు రకం, మంచిదే. దాన్ని పడగ్గదిలో బిగించారు, దాని మీద ఒక గుడ్డ కూడా కప్పారు. ఎప్పుడు ఫోన్ చేసి అడిగినా ఒకటే జవాబు. "నువ్వొచ్చినప్పుడు వేసుకుందాం లేరా." అమ్మకి బీపీ ఉంది. 2024 ఎండాకాలంలో అర్ధరాత్రి దాకా నిద్రపట్టక, హాల్లో నేల మీద తడిగుడ్డతో తుడుచుకుని అక్కడే చాప వేసుకుని పడుకునేది. పక్కగదిలో ఏసీ ఉంది, గుడ్డ కప్పుకుని.

ఇది పిసినారితనం అని నవ్వేయడం తేలిక. నాన్న దగ్గర లెక్కుంది. తెలంగాణలో 2022 టారిఫ్ ప్రకారం నెలకి 200 యూనిట్ల లోపు వాడితే మొదటి వందకి యూనిట్టు 3.40, రెండో వందకి 4.80. సరిగ్గా 200 వాడితే 820 రూపాయలు. ఇంకొక్క యూనిట్టు వాడారనుకోండి, స్లాబే మారిపోతుంది. మొదటి 200 యూనిట్లూ 5.10 చొప్పున, ఆపై యూనిట్టు 7.70. మొత్తం 1027.70. ఫిక్స్‌డ్ చార్జీలూ అవీ వేరే. అంటే ఆ 201వ యూనిట్టు ఖరీదు 207 రూపాయల 70 పైసలు! మన భాషలో ఇది పచ్చి ఎడ్జ్ కేసు. నాన్న దీన్ని కాగితం మీద ఎప్పుడో పట్టేశారు. అందుకే నెలకి 200 అనేది ఆయనకి లక్ష్మణరేఖ. రోజూ పొద్దున్న పేపరు చదివాక మీటరు రీడింగు నోటుబుక్కులో రాసుకుంటారు. ఎండాకాలంలో 195 దాకా వెళ్తుంది, ఇక ఏసీకి చోటెక్కడ?

ఏసీ బిల్లు నేను కట్టేస్తానంటే వినరు. పిల్లల డబ్బులతో చల్లగా పడుకోవడం ఆయనకి నచ్చదు. అదొక తరం, వాళ్ళతో వాదించి గెలిచినవాడు లేడు. కాబట్టి సమస్యని ఇలా మార్చుకున్నాను: ఆ 200 యూనిట్లలోనే ఏసీ పట్టాలి.

నాన్న నోటుబుక్కు ముందేసుకుని ఇద్దరం కూర్చున్నాం. 195 యూనిట్లు ఎక్కడికి పోతున్నాయి? నాలుగు ఫ్యాన్లు, ఒక్కోటీ 75 వాట్లు, రోజుకి సగటున 14 గంటలు. అదే 126 యూనిట్లు! ఫ్రిజ్ 28. చోక్ ఉన్న పాత ట్యూబులైట్లు మూడు, చోక్‌తో కలిపి తలా 50 వాట్లు, 18 యూనిట్లు. టీవీ, దాని పెట్టె కలిపి 12. నీళ్ళ మోటరు 7. మిక్సీ, ఇస్త్రీపెట్టె వగైరా 4. ఇంట్లో మూడింట రెండొంతుల కరెంటు ఫ్యాన్లే తాగేస్తున్నాయని నాన్న అనుకోలేదు. "ఫ్యానుకి ఏం కాలుతుందిరా" అనేది మనందరి ఇళ్ళలో వినిపించే మాటే. నిజమే, గంటకి కాలేది తక్కువే. కానీ అది ఆగదు కదా. ఒక్కసారి నడిచే పెద్ద ఫంక్షను కంటే, లూపులో లక్షసార్లు తిరిగే చిన్న ఫంక్షనే కొంప ముంచుతుందని మనకి వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.

బీఎల్‌డీసీ ఫ్యాన్లని వస్తున్నాయి. మామూలు ఫ్యానులో ఇండక్షన్ మోటరుంటుంది, తిరిగే భాగంలో కూడా కరెంటు పుట్టి, అందులో కొంత వేడిగా పోతుంది. వీటిలో తిరిగే భాగంలో శాశ్వత అయస్కాంతాలుంటాయి, ఆ నష్టం ఉండదు. అంతే గాలికి 75 బదులు దాదాపు 30 వాట్లు చాలు. నాలుగు ఫ్యాన్లు మార్చాం, 126 కాస్తా 50 అయింది. ఒక్క దెబ్బకి 76 యూనిట్లు. ట్యూబులైట్ల స్థానంలో 20 వాట్ల ఎల్‌ఈడీ పట్టీలు పెడితే ఇంకో 11. టీవీ పెట్టెకి గోడ స్విచ్చు ఆపడం అలవాటు చేస్తే ఇంకో 6. మొత్తం 195లో 93 తగ్గి 102 మిగిలింది.

ఫ్యాన్ల విషయంలో ఒక హెచ్చరిక. రిమోటుతో మాత్రమే నడిచేవి పెద్దవాళ్ళున్న ఇంటికి కొనకండి. రిమోటు దిండు కింద పోతుంది, పోపులడబ్బా పక్కన దొరుకుతుంది. గోడ మీద స్విచ్చుతోనో, వాటికని ఇచ్చే రెగ్యులేటరుతోనో స్పీడు మార్చుకునే రకాలున్నాయి, అడిగి తీసుకోండి. పాత డబ్బా రెగ్యులేటరు మాత్రం తీసేయించాలి, దానితో ఇవి సరిగా పనిచేయవు. ఇంకో లాభం ఏమిటంటే, కరెంటు పోయినప్పుడు ఇన్వర్టరు బ్యాటరీ రెట్టింపు సేపు వస్తుంది. అమ్మకి వీటి మీద గౌరవం కలిగింది అక్కడే.

ఇప్పుడు అసలు విలన్ దగ్గరికొద్దాం. స్లాబు.

నడినెత్తిన సూర్యుడున్నప్పుడు చదరపు మీటరు మీద పడే ఎండ దాదాపు ఒక కిలోవాటు. 900 చదరపు అడుగులంటే 84 చదరపు మీటర్లు. అంటే మధ్యాహ్నం మా డాబా మీద సూర్యుడు 84 కిలోవాట్లు కుమ్మరిస్తున్నాడు. కరెంటోళ్ళు మా ఇంటికి ఇచ్చిన లోడు 3 కిలోవాట్లు! అందులో చాలాభాగం మళ్ళీ గాలికీ ఆకాశానికీ పోతుందనుకోండి. కానీ బూడిదరంగు కాంక్రీటు ఎండలో 60 డిగ్రీలకి కాలితే, కింద గది 35లో ఉంటే, కిందకి దిగే వేడి ఎంతో మన పదో తరగతి ఫిజిక్సుతోనే తేలుతుంది. మామూలు కాంక్రీటు స్లాబులో ప్రతి డిగ్రీ తేడాకి, చదరపు మీటరుకి సుమారు మూడున్నర వాట్లు దిగుతాయి. 25 డిగ్రీల తేడా, 84 మీటర్లు. ఏడు కిలోవాట్ల పైమాటే. ఒక టన్ను ఏసీ తోడి బయట పోయగలిగే వేడి మూడున్నర కిలోవాట్లు. అంటే రెండు టన్నుల ఏసీ కేవలం స్లాబుతో కుస్తీ పట్టడానికే సరిపోతుంది. మనుషుల దాకా రాదు.

పైగా ఈ వేడి వెంటనే దిగదు. స్లాబు దాన్ని దాచుకుని మూడు నాలుగు గంటలు ఆలస్యంగా విడుదల చేస్తుంది. బయట చల్లబడ్డాక, రాత్రి తొమ్మిదింటికి కూడా లోపల పెనంలా ఉండేది అందుకే. ఫ్యాను ఆ వేడిగాలినే మన మీదకి తోస్తుంది. నేల మీద చాపేసుకుని పడుకునే మా అమ్మకి ఈ ఫిజిక్సు అంతా అనుభవంలో తెలుసు. స్లాబుకి వీలైనంత దూరంగా, చల్లటి గచ్చుకి దగ్గరగా పడుకుంటోంది, అంతే.

పాత పెంకుటిళ్ళు చల్లగా ఉండేవని నిట్టూర్చేవాళ్ళలో నేనొకణ్ణి కాదు. వాటిలో వానాకాలం గిన్నెలు పెట్టుకుని తిరగాలి, తేళ్ళు కూడా ఫ్రీ. కానీ వాటిలో ఒక తెలివుంది. పెంకుల సందుల్లోంచి వేడిగాలి పైకి పోయేది, అటక మధ్యలో అడ్డంగా ఉండేది, మట్టిగోడలు మందంగా ఉండేవి. మనం కాంక్రీటుకి మారినప్పుడు గట్టిదనం తెచ్చుకున్నాం, ఆ తెలివిని మాత్రం వదిలేశాం.

విరుగుడు పాతదే, చవకైనదే. డాబాకి తెల్లసున్నం. తెలుపు రెండు పనులు చేస్తుంది. ఎండలో చాలాభాగాన్ని తిప్పికొడుతుంది, పీల్చుకున్న వేడిని కూడా రాత్రికి ఆకాశంలోకి బాగా వదిలేస్తుంది. తళతళలాడే లోహపు రేకు మొదటి పని చేస్తుంది గానీ రెండోది సరిగా చేయదు. 2025 ఫిబ్రవరిలో, ఎండలు ముదరకముందే పని పెట్టుకున్నాం. నాన్న మొదటి అభ్యంతరం, "రెండు వానలకి పోయేదానికి డబ్బెందుకు". మేస్త్రి సున్నంలో గమ్ము, వైట్ సిమెంటు కలిపి రెండు కోట్లు వేస్తే రెండేళ్ళు ఢోకా లేదన్నాడు. కూలీతో కలిపి నాలుగున్నర వేలయింది. అమ్మ అభ్యంతరం ఇంకా గట్టిది. "తెల్లగా సున్నం కొట్టేస్తే వడియాలెక్కడ పెట్టను? మిరపకాయలకి సున్నం అంటుకోదూ?" దాంతో డాబా ఒక మూల పది అడుగులు, ఎనిమిది అడుగుల ముక్క అమ్మకి వదిలేశాం.

ఆ వడియాల ముక్క మా కంట్రోల్ గ్రూపైంది. అదే డాబా, అదే ఎండ, ఒకపక్క సున్నం, ఒకపక్క మామూలు స్లాబు. ఇంతకన్నా శుభ్రమైన ఏ/బీ టెస్టు నేను ఆఫీసులో కూడా చేయలేదు. ఒక ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు కొని నాన్న చేతికిచ్చాను. తుపాకీలా పట్టుకుని గురిపెడితే చాలు, ఉష్ణోగ్రత చూపిస్తుంది. ఇక చూడండి మాస్టారి ఉత్సాహం! ఏప్రిల్ నెలాఖరులో ఒక మధ్యాహ్నం రెండింటికి మామూలు స్లాబు పైన 61 డిగ్రీలు, సున్నం మీద 43. అదే రోజు సాయంత్రం అయిదింటికి ఇంట్లోంచి పైకప్పుకి గురిపెడితే వడియాల ముక్క కింద 44, మిగతాచోట 38. నోటుబుక్కులో మీటరు రీడింగు పక్కన ఇంకో మూడు కాలమ్స్ వెలిశాయి. వీధిలో ఇంకో ఇద్దరి డాబాలకి కూడా వెళ్ళి కొలిచి వచ్చారట. "వాళ్ళది 63 రా" అని ఫోన్లో గర్వంగా చెప్పారు.

గదిలో గాలి తగ్గింది రెండు డిగ్రీలే. కానీ మన ఒంటికి తెలిసేది గాలి వేడి ఒక్కటే కాదు, నెత్తి మీద పైకప్పు వెలువరించే సెగ కూడా. తేడా అక్కడ బాగా తెలిసింది.

ఇక ఏసీ సంగతి. రాత్రి పదిన్నర నుంచి తెల్లవారుజాము అయిదున్నర దాకా, 27 డిగ్రీల మీద, ఫ్యాను ఒకటో రెండో నెంబరు మీద. స్లాబు సెగ తగ్గింది కాబట్టి కంప్రెసరు కాసేపు పనిచేసి సర్దుకుంటోంది. మీటరు చూస్తే రాత్రికి మూడు యూనిట్లు. నెలకి 90. 102కి 90 కలిపితే 192. లక్ష్మణరేఖకి ఇంకా ఎనిమిది యూనిట్ల ఇవతలే!

ఆ మే నెల ఏసీ మీద గుడ్డ తీశారు. నేను వెళ్ళకుండానే. జూన్ మొదటి వారంలో అమ్మ ఫోన్లో మాట్లాడుతూ వేరే ఏదో విషయం మధ్యలో "ఈమధ్య రాత్రిళ్ళు మెలకువ రావట్లేదు" అంది. నోటుబుక్కులో ఆ కాలమ్ లేదు గానీ, నా వరకూ ఈ ప్రాజెక్టు అంతటికీ అదే అవుట్‌పుట్టు.

ఇది మా టీములో చెబితే ఒక మిత్రుడు వెంటనే అడ్డం తగిలాడు. "అయితే నువ్వు పొదుపు చేసిందేముంది? ముందు 195, ఇప్పుడు 192. జెవన్స్ పారడాక్స్ అంటే ఇదే" అన్నాడు. తెలియనివాళ్ళ కోసం: విలియం స్టాన్లీ జెవన్స్ అనే ఇంగ్లీషు ఆర్థికవేత్త 1865లో బొగ్గు మీద పుస్తకం రాస్తూ ఒక మెలిక పట్టుకున్నాడు. ఆవిరియంత్రాలు తక్కువ బొగ్గుతో పనిచేయడం మొదలెట్టాక దేశంలో బొగ్గు వాడకం తగ్గకపోగా పెరిగింది. చవకైంది కాబట్టి అందరూ వాడారు.

మిత్రుడి లెక్క తప్పని నేననను. బొగ్గు మాట మాకు కొత్తా? సింగరేణి హెడ్డాఫీసు మా ఊళ్ళోనే, పక్కన పాల్వంచలో థర్మల్ స్టేషను. ఒక యూనిట్టు కరెంటు వెనక అటూ ఇటూగా ముప్పావు కిలో బొగ్గు కాలుతుందని నాకూ తెలుసు. కానీ మా ఇంట్లో ఆ 90 యూనిట్లు వృథాగా పోతున్న చోటు నుంచి అమ్మ నిద్రలోకి మారాయి. బొగ్గు పెరగలేదు, పని పెరిగింది. ముందు ఏ సర్దుబాటూ లేకుండా, కాలిన స్లాబు కింద ఏసీ వేసి ఉంటే రాత్రికి అయిదారు యూనిట్లు తాగేది, అప్పుడు 195 కాదు, 350 దాకా పోయేది. రాబోయే పదేళ్ళలో మన ఊళ్ళలో ఏసీలు పెరగడం ఖాయం. ఎండలు చూస్తే పెరగాలి కూడా. వాటిని వేడి స్లాబుల కింద పెడతామా, చల్లటి స్లాబుల కింద పెడతామా అన్నదే ప్రశ్న. 45 డిగ్రీల్లో పడుకునే అరవయ్యేళ్ళ మనిషికి "వాడకం తగ్గించు" అని నీతి చెప్పే హక్కు, పొద్దుణ్ణించి రాత్రి దాకా ఆఫీసు ఏసీలో కూర్చునే నాకు లేదనే నా నమ్మకం.

మరి ఇంత చవకైన పని ఎందుకు ఎవరూ చేయరు? బల్బుల సంగతి చూడండి. 2015 జనవరిలో ఉజాలా పథకం దేశమంతా మొదలైంది. 2014లో ప్రభుత్వ సంస్థ 310 రూపాయల చొప్పున కొన్న ఎల్‌ఈడీ బల్బు 2016 కల్లా 38కి దిగింది. ఇప్పుడు పాత పిలక బల్బు పూజగదిలో కూడా లేదు. ఫ్యాన్లకి కూడా 2023 జనవరి నుంచి స్టార్ లేబులు తప్పనిసరైంది. వస్తువైతే కొట్లో కొనుక్కోవచ్చు, లేబులు చూడొచ్చు. స్లాబుకి లేబులెవరు అంటిస్తారు?

నిజానికి రూల్సు లేకపోలేదు. 2018 డిసెంబరులో ఎకో నివాస్ సంహిత అని ఇళ్ళకోసం ఒక కోడు వచ్చింది. (కోడు అంటే మన కోడు కాదు!) పైకప్పులోంచి డిగ్రీకి, చదరపు మీటరుకి 1.2 వాట్లకి మించి వేడి దిగకూడదని అందులో ఉంది. ఇందాక నేను వాడిన మూడున్నర గుర్తుందా? ఉట్టి కాంక్రీటు స్లాబు దానికి దాదాపు మూడు రెట్లు. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ కూడా తెచ్చింది. మంచి పని. కానీ చిన్న ఇళ్ళకి అది ఐచ్ఛికమే, ఇల్లు కట్టే మేస్త్రి దాకా ఈ సంగతులు చేరవు.

పెద్ద చిక్కు ఇంకొకటుంది. ఇల్లు కట్టేవాడు ఒకడు, బిల్లు కట్టేవాడు ఇంకొకడు. స్లాబు మీద చదరపు అడుగుకి కొన్ని రూపాయలు మిగుల్చుకునేది బిల్డరు, దాని బిల్లు ముప్ఫైఏళ్ళు కట్టేది మనం. మనమైనా అడుగుతామా అంటే, కోటి రూపాయల ఫ్లాటు కొనేటప్పుడు "ఈస్ట్ ఫేసింగేనా, క్లబ్ హౌసులో జిమ్ముందా" అని అడుగుతాం. పడమటి గోడకి నిలువెత్తు అద్దం పెట్టి, పైన సజ్జా కూడా లేకపోతే, వ్యూ బాగుందని మురిసిపోతాం. ఏప్రిల్లో నాలుగింటికి ఆ అద్దం ముందు నిలబడి చూడమనండి!

అద్దం సంగతి కూడా చెప్పేస్తాను. లోపల ఎంత మందం కర్టెనేసినా, ఎండ అప్పటికే అద్దం దాటి లోపలికి వచ్చేసింది, ఆ వేడిలో చాలామటుకు గదిలోనే తిరుగుతుంది. నీడ అద్దానికి బయట ఉండాలి. బాల్కనీకి బయటివైపు వెదురు చిక్కులు వేలాడదీస్తే, లోపలి ఖరీదైన బ్లైండ్ల కంటే బాగా పనిచేస్తాయి. అద్దెకున్నవాళ్ళు కూడా చేసుకోగలిగిన పనిది. ఖాళీ చేసేటప్పుడు చుట్టి పట్టుకుపోవచ్చు, బీఎల్‌డీసీ ఫ్యాన్లలాగే.

పై అంతస్తులో అద్దెకుండేవాళ్ళకి ఒక చిట్కా. ఓనరుగారి దగ్గరకెళ్ళి "వేడిగా ఉందండీ" అంటే "ఎండాకాలం కదా బాబూ" అంటారు. "స్లాబులో తేమ వస్తోందేమో చూడండి, తెల్ల వాటర్‌ప్రూఫ్ కోటింగు వేస్తే లీకేజీ ఉండదట" అనండి. ఓనర్లకి వేడి పట్టదు గానీ లీకేజీ అంటే భయం. నేను సగం ఖర్చు పెట్టుకుంటానన్నాను, మా ఓనరు వారంలో పని చేయించారు. :)

సోలారు పెట్టించుకోవచ్చుగా అనే ప్రశ్న ఎలాగూ వస్తుంది. పెట్టించుకోండి. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద మూడు కిలోవాట్లకి 78 వేల సబ్సిడీ. పలకలు డాబాకి నీడ కూడా ఇస్తాయి. కానీ ముందు ఇల్లు చక్కబెట్టి, తర్వాత పలకలు లెక్కేసుకోండి. 350 యూనిట్ల ఇంటికీ 190 యూనిట్ల ఇంటికీ కావలసిన పలకలు ఒకటి కావు. మెమరీ లీకున్న ప్రోగ్రాముకి ర్యామ్ కొనిపెట్టినట్టుంటుంది లేకపోతే.

మా ఇంటి లెక్క మీ ఇంటికి అచ్చంగా సరిపోదు. విజయవాడలోనో విశాఖలోనో గాలిలో తేమ ఎక్కువ, అక్కడ కూలరు మీద ఆశ పెట్టుకోకండి. నీళ్ళు ఆవిరైతేనే అది చల్లబరుస్తుంది, తేమగాలిలో ఆవిరి కావు. కొత్తగూడెం, కరీంనగర్, హైదరాబాదు లాంటి పొడి ఎండల్లో అదే కూలరు రెండొందల వాట్లలోపే బాగా పనిచేస్తుంది. ఎక్కడైనా వరస మాత్రం ఒకటే. ముందు కొలవడం, తర్వాత ఫ్యాన్లు, లైట్లు, తర్వాత పైకప్పు, పడమటి కిటికీలు, ఆ తర్వాతే ఏసీ. మనం మామూలుగా చేసేది దీనికి సరిగ్గా తిరగేసి.

ఊళ్ళో అమ్మానాన్నలు ఉంటున్నవాళ్ళకి ఒక్క మాట. వాళ్ళకి ఏసీ కొనిచ్చి ఊరుకోకండి, దాన్ని వేస్తున్నారో లేదో కనుక్కోండి. వేయట్లేదంటే వాళ్ళ దగ్గరా ఏదో ఒక లెక్కుండే ఉంటుంది. ఈసారి వెళ్ళినప్పుడు ఆ లెక్క అడిగి, మీటరు ముందు పది మినుకులు లెక్కపెట్టి రండి.